పాత కాగితాలు చెప్పే బూర్గంపాడు చరిత్ర

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, శాసనాలే అనుకోవడం మనలో చాలామందికి అలవాటు. కాని అటక మీది రేకు పెట్టెలో కూడా కొంత చరిత్ర ఉంటుంది. దాదా గారి స్కూలు సనదు, నానా గారి పహాణీ నకలు, పెద్దవారెవరిదో డిగ్రీ పట్టా, శిస్తు కట్టిన రసీదులు - ఇవన్నీ వరుసగా పేర్చి చూస్తే మన ప్రాంతం ఎన్ని ఏలుబడులు చూసిందో ఇట్టే తెలిసిపోతుంది.

గోదావరికి ఇవతల బూర్గంపాడు నిజాం ఇలాకా. అవతల భద్రాచలం 1874 నుండి మద్రాసు ఇలాకా. నడుమ ఉన్నది ఒక్క ఏరే అయినా కాగితాల సంగతికి వస్తే అవి రెండు లోకాలు. ఇవతల సర్కారు భాష ఉర్దూ, చెల్లుబాటయ్యేది హాలీ సిక్కా. అవతల ఇంగ్లీషు, తెలుగు, కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. అందుకే రెండు ఒడ్డులా చుట్టరికాలున్న ఇళ్ళలో రెండు రకాల కాగితాలూ కనిపిస్తాయి.

తేదీల దగ్గర మనవాళ్ళు ఎక్కువగా తికమకపడతారు. నిజాం కాగితాల మీద ఉండేది ఫస్లీ సంవత్సరం. అది అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఆజూర్ నుండి డిసెంబరు ఆఖరు దాకా ఫస్లీకి 590 కలపాలి, ఆ తర్వాతి నెలలకు 591 కలపాలి. ఆజూర్ 1340 అంటే 1930 అక్టోబరు. మెహర్ 1340 అంటే 1931 ఆగస్టు. మద్రాసు వైపు ఫస్లీ మాత్రం జూలై 1నే మొదలయ్యేది. కాబట్టి అదే 1931 ఆగస్టులో ఏరు దాటితే ఫస్లీ 1341 నడుస్తున్నది! పుట్టిన తేదీ లెక్క కట్టేటప్పుడు ఈ సంగతి మరిస్తే సర్వీసులోనూ పింఛనులోనూ ఏడాది తేడా వస్తుంది.

ఇక యూనివర్సిటీ సనదుల విషయం. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1917లో ఫర్మానా వెలువడింది, 1919లో తరగతులు మొదలైనవి. లెక్కలు, సైన్సు, న్యాయశాస్త్రం, వైద్యం అన్నీ ఉర్దూలోనే చెప్పాలన్నది సంకల్పం. అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి పాఠ్యగ్రంథాలు తయారుచేయించారు. ఇంగ్లీషు కూడా తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది. కాబట్టి సనదు ఉర్దూలో ఉన్నంత మాత్రాన అది మదర్సా చదువు అనుకోరాదు, అది పూర్తి స్థాయి డిగ్రీ. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారింది. ఒకే ఇంట్లో అన్నది ఉర్దూ పట్టా, తమ్ముడిది ఇంగ్లీషు పట్టా అయితే కారణం ఇదే. అలాగే కొందరు తెలంగాణా పెద్దల దగ్గర నాగపూర్ డిగ్రీలు ఉంటాయి. 1938 వందేమాతరం ఉద్యమంలో కాలేజీలనుండి బహిష్కరింపబడిన విద్యార్థులు ఎందరో నాగపూర్ వెళ్ళి చదువు సాగించారు.

ఊరు కదలలేదు గాని చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. పాత కాగితాల్లో బూర్గంపహాడ్ తాలూకా, వరంగల్ జిల్లా అని ఉంటుంది. 1953 అక్టోబరు 1న ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1959లో భద్రాచలం కూడా ఖమ్మం జిల్లాలో చేరింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడగా, పోలవరం ముంపు కారణంగా మన మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. 2016లో మనది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. ఒకే ఇంటివారి కాగితాల్లో మూడు జిల్లాల పేర్లున్నా అవన్నీ నిజమైనవే.

ఈ కాగితాలకు అసలు శత్రువు గోదావరి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మళ్ళీ 71.3 అడుగులు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు కదా! ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు, తాతగారి సంతకం మాత్రం తిరిగి రాదు. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్లకైనా, 1954-55 ఖాస్రా పహాణీ అడిగే భూమి తగాదాకైనా తాతల నాటి కాగితమే బలమైన రుజువు.

కాబట్టి ప్రతి కుటుంబం ఈ పనికి ఒక రోజు కేటాయించాలి. చదువు, భూమి, పుట్టుక-పెళ్ళి కాగితాలను విడివిడిగా పెట్టాలి. పాత కాగితానికి లామినేషన్ చేయించకండి, ఒకసారి అతికితే మళ్ళీ ఊడిరాదు. ఫోటో తీసి వేరే ఊళ్ళోని బంధువుల దగ్గర ఒక ప్రతి ఉంచండి. పేరు ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో ఎట్లా రాశారో ఒక చీటీ మీద రాసి పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం - ఆ గొలుసుకట్టు ఉర్దూ రాతను గడగడా చదవగల పెద్దలు ఇప్పుడు ఊరికి ఒకరిద్దరే మిగిలారు. పిల్లలను వారి పక్కన కూర్చోబెట్టి, వారు చదువుతుంటే తెలుగులో రాయించండి. కాగితం ఇంకో యాభై ఏళ్ళు ఉండవచ్చు గాని, చదివి చెప్పేవారు అన్నాళ్ళు మన మధ్య ఉండరు.