అత్తమ్మ కట్టేసిన పెట్రోల్ నాబ్

పోయిన శ్రావణంలో ఒక శుక్రవారం. తెల్లారి ఐదింటికి వాకిలి ఊడ్చి ముగ్గేద్దామని తలుపు తీశాను. గుప్పున పెట్రోల్ వాసన! మెట్ల కింద పెట్టిన మామయ్య బండి దగ్గర గచ్చంతా తడి. ఇంజన్ పక్కన వేలాడే సన్నటి రబ్బరు పైపులోంచి చుక్క చుక్కగా కారుతూనే ఉంది. దానికి రెండడుగుల దూరంలో మా వంటింటి కిటికీ. లోపల పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను! పరుగెత్తి ముందు స్టవ్ కట్టేశాను. ఆ తర్వాతే మావారిని లేపాను.

ఆయన వచ్చి చూసి, "ఇక దీన్ని తీసేద్దాం. తుక్కుకేసినా రెండు వేలొస్తాయి" అన్నారు. తండ్రి బండి మీద ఆయనకు ప్రేమ లేక కాదు. ఇంట్లో పిల్లలున్నారు, వంటిల్లు పక్కనే ఉంది, భయం. నాకూ భయమే. కానీ ఒక అనుమానం నన్ను వదల్లేదు. ముప్పై ఏళ్లకు పైగా అదే మెట్ల కింద నిలబడ్డ బండి ఒక్క రాత్రి కూడా కారలేదు కదా, ఇప్పుడే ఎందుకు కారింది?

ఆ అనుమానం తీర్చుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మామయ్య ఆ బండి కొన్నది 1988లో. ఏ కంపెనీదో చెప్పను, ఆ రోజుల్లో వీధి వీధికీ కనిపించిన వంద సీసీ బండి. అంతకు ముందు మధ్యతరగతి ఇంట్లో బండి అంటే స్కూటరే. బజాజ్ చేతక్‌కి డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. మన సనత్‌నగర్ ఆల్విన్ పేరుతో పుష్పక్ స్కూటర్లు తిరిగేవి. మోటార్ సైకిల్ అంటే మద్రాసు బుల్లెట్టో, మైసూరు జావానో, రాజ్‌దూతో. 1980ల మొదట్లో ప్రభుత్వం చిన్న ఇంజన్ల బండ్లకు విదేశీ భాగస్వామ్యాలను అనుమతించింది. దాంతో రెండు మూడేళ్లలోనే జపాన్ కంపెనీలతో కలిసి వంద సీసీ బండ్లు వరసగా దిగాయి. 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా, యమహా ఆర్‌ఎక్స్ 100, ఆ వెంటనే కవాసాకి బజాజ్.

మా అత్తమ్మ పుట్టిల్లు షామీర్‌పేట. మేడ్చల్ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు ఉంటుందేమో. కానీ మేడ్చల్ ఉన్నది నాగపూర్ రోడ్డు మీద, షామీర్‌పేట ఉన్నది కరీంనగర్ రోడ్డు మీద. రెండూ సికింద్రాబాద్ వైపు నుంచి విడిపోయి వచ్చే దారులు. అడ్డదారిన నేరుగా బస్సు దొరకడం గగనం. అమ్మను చూడాలంటే ఒక పూట ముందే వంట చేసిపెట్టి, పిల్లల్ని ఎవరికో అప్పగించి బయలుదేరాలి. బండి వచ్చాక ఆదివారం మధ్యాహ్నం వెళ్లి, చెరువు కట్ట మీద కాసేపు ఆగి, దీపాల వేళకు ఇల్లు చేరేవారట. "మీ మామయ్య కొన్నది బండి కాదు, నాకు మా అమ్మను" అని ఆమె చాలాసార్లు అనేది.

ఇప్పుడు కార్బొరేటర్ దగ్గరికి వద్దాం. భయపడకండి, మన మిద్దె మీద నీళ్ల ట్యాంకు తెలిస్తే ఇదీ తెలిసినట్టే. ట్యాంకులో ఒక బంతి తేలుతూ ఉంటుంది కదా? నీళ్లు నిండగానే అది పైకి లేచి నల్లా మూస్తుంది. కార్బొరేటర్ అడుగున ఉండే చిన్న గిన్నెలోనూ అంతే. ఫ్లోట్ తేలుతుంది, అది ఒక చిన్న సూదిని పైకి నెట్టి పెట్రోల్ వచ్చే రంధ్రాన్ని మూస్తుంది. ఆ సూది సరిగ్గా కూర్చోకపోతే పెట్రోల్ వస్తూనే ఉంటుంది. గిన్నె నిండి, అదనంగా వచ్చినది ఓవర్‌ఫ్లో పైపులోంచి కిందికి కారుతుంది. నేను ఆ పొద్దున చూసిన పైపు అదే.

ఈ గిన్నె కథలో ఆడవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, భర్తకు చెప్పకుండా ఆయన చేసిన మోటారు బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. సుమారు వంద కిలోమీటర్లు. పెట్రోల్ బంకులు లేని కాలం, ఆ బండికి వేరే పెట్రోల్ ట్యాంకు కూడా లేదు. కార్బొరేటర్‌లో పట్టే నాలుగైదు లీటర్లే ఆధారం. విస్లోఖ్ అనే ఊళ్లో మందుల దుకాణంలో లిగ్రోయిన్ కొని పోయించింది. దారిలో ఇంధనం పైపు మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. ఆమె వెళ్లిందీ అమ్మ దగ్గరికే! మా అత్తమ్మ విని ఉంటే ఎంత మురిసేదో.

తర్వాత 1893లో బుడాపెస్టులో డోనాట్ బాంకీ, యానోష్ చోంకా అనే ఇద్దరు పెట్రోల్‌ను తుంపరగా చల్లే కార్బొరేటర్‌కు పేటెంట్ కోరారు. పూలమ్మే అమ్మాయి గొట్టంతో ఊది పూల మీద నీళ్లు చిలకరించడం చూసి వాళ్లకు ఆ ఆలోచన వచ్చిందని ఒక కథ చెబుతారు. దాదాపు ఆ కాలంలోనే జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్ కూడా అలాంటిదే చేశాడు. కథ నిజమో కాదో గానీ, పొద్దున్నే పూల మీద నీళ్లు చిలకరించే మనకు అది నమ్మబుద్ధవుతుంది.

సరే, బండిని మావారు నెట్టుకుంటూ మేడ్చల్ బస్టాండు వెనక ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆ అబ్బాయి అడిగిన మొదటి మాట: "రాత్రి నాబ్ బంద్ జేస్తరా అక్కా?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ట్యాంకు కింద ఆన్, ఆఫ్, రిజర్వ్ అని తిరిగే పెట్రోల్ నాబ్. దాన్ని ఆఫ్ చేయాలని మావారికి ఎప్పుడూ తోచలేదట.

అతను గిన్నె విప్పి సూది తీసి చూపించాడు. చివర చుట్టూ సన్నటి గీత అరిగి ఉంది. "ఇది నిన్న మొన్న పడ్డది కాదక్కా, ఏండ్ల సంది ఉన్నది. ఎవరో రోజూ నాబ్ బంద్ జేసిన్రు. అందుకే బయటపడలే."

ఆ ఎవరో ఎవరో నాకు అప్పుడు గుర్తొచ్చింది. మా అత్తమ్మ పడుకునే ముందు ఇల్లంతా ఒక చుట్టు తిరిగేది. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసేది. తులసికోట దగ్గర దీపం కొండెక్కిందో లేదో చూసేది. వాకిలి గొళ్లెం పెట్టేముందు మెట్ల దగ్గర వంగేది. నేను కొత్తకోడలిగా వచ్చిన రోజుల నుంచీ చూశాను ఆ వంగడం. చెప్పులు సర్దుతోందనుకున్నాను! ఇరవై ఏళ్లకు పైగా చూసినా ఒక్కసారీ అడగలేదు. మామయ్య పోయాక కూడా ఆమె వంగడం మానలేదు. నిరుడు సంక్రాంతి తర్వాత ఆమె పోయింది. ఆ తర్వాత ఆ నాబ్ ముట్టుకున్నవాళ్లు లేరు.

హీరో హోండా తొలి ప్రకటన ఒకటి మీకూ గుర్తుండే ఉంటుంది. పెట్రోల్ నింపండి, మూత పెట్టండి, మరిచిపోండి అని దాని భావం. అది మైలేజీ గురించి చెప్పిన మాట, తప్పేం లేదు. కానీ ఏ ఇంట్లోనైనా ఒకరు నిశ్చింతగా మరిచిపోతున్నారంటే, ఇంకొకరు గుర్తుపెట్టుకుంటున్నారని అర్థం.

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే, మెకానిక్ చెప్పినవి ఇవి. వాసన వస్తే ముందు పొయ్యి, దీపం ఆర్పండి. లైటు స్విచ్ కూడా ముట్టుకోవద్దు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ వస్తుంది. నాబ్ ఆఫ్ చేసి బండిని ఆరుబయటికి నెట్టండి. ఆఫ్ చేశాక కూడా ట్యాంకు కింద కారుతుంటే లోపం నాబ్‌లోనే. ఓవర్‌ఫ్లో పైపులోంచైతే సూదో, ఫ్లోటో, లోపల చేరిన తుప్పో. గిన్నె అతుకు దగ్గరైతే గాస్కెట్. ఇంజన్ ఆయిల్‌కు పెట్రోల్ వాసన వస్తే బండి స్టార్ట్ చేయకుండా ఆయిల్ మార్పించాలి. జెట్‌ను పిన్నీసుతో మాత్రం పొడవకండి. ఇత్తడి మెత్తనిది, రంధ్రం పెద్దదవుతుంది. బెర్తా పొడిచింది పైపునే, జెట్‌ను కాదు.

బండి వారాల తరబడి కదలకపోతే గిన్నెలో పెట్రోల్ ఎండి జిగురవుతుంది, సూది అంటుకుంటుంది. పైగా ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది తేమను పీలుస్తుంది, పాతకాలపు రబ్బరుకు పడదు. అందుకని మా బండికి సూది, గాస్కెట్, పైపు అన్నీ మార్పించాం. ఆరు వందలయింది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది, ఇంజెక్షన్ వచ్చింది. మా అమ్మాయి స్కూటీకి వంగి తిప్పాల్సిన నాబే లేదు. మంచిదే. ఆ ఒక్క పనైనా దానికి తప్పింది.

బండి మళ్లీ మెట్ల కిందే ఉంది. తుక్కు మాట మావారు మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు రాత్రిపూట నేను వంగుతున్నాను. మొన్న ఒంట్లో బాగోక తొందరగా పడుకున్నాను. పొద్దున గుర్తొచ్చి గుండె ఝల్లుమని వెళ్లి చూస్తే, నాబ్ ఆఫ్‌లోనే ఉంది. మావారు పేపర్ చదువుకుంటున్నారు. ఆయనా ఏమీ అనలేదు, నేనూ ఏమీ అడగలేదు.