శిల నిలిచింది, చదువు నిలవలేదు

రానున్న తరాలకు తన మాట అందాలన్న ఆకాంక్ష ప్రతి ఉన్నత నాగరికతకూ ఉంటుంది. అది ఎంతవరకు నెరవేరుతుందో చెప్పే సాక్ష్యం ఢిల్లీలోనే ఉంది. జనక్‌పురి నుండి తూర్పుగా యమున వైపు సాగితే, ఫిరోజ్ షా కోట్లా శిథిలాలపై సుమారు 13 మీటర్ల ఏకశిలా స్తంభం కనిపిస్తుంది. క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోకుడు తోప్రాలో నెలకొల్పిన స్తంభమిది.

దీనిపై గల ఏడవ శాసనం మరే అశోక స్తంభంపైనా సంపూర్ణంగా లేదు. తన ధర్మకార్యాలను వివరించిన పిదప, పుత్రపౌత్రుల వరకు, సూర్యచంద్రులున్నంత వరకు అవి కొనసాగాలని రాజు ఇందులో ఆశించాడు. శాసనం చిరకాలం నిలిచేందుకు శిలాస్తంభాలు, శిలాఫలకాలు ఉన్నచోటల్లా దీనిని చెక్కాలని ఆదేశించాడు.

శిల నిలిచింది. 14వ శతాబ్దిలో ఫిరోజ్ షా తుగ్లక్ ఆ స్తంభాన్ని ఢిల్లీకి తరలించాడు. దానిని బూరుగుదూదిపై పడేలా నేలకు దించి, 42 చక్రాల బండిపై నదికి చేర్చి, పడవలపై తెచ్చారని చరిత్రకారుడు అఫీఫ్ వర్ణించాడు. ఇంతటి భారాన్ని కదిలించగలిగిన రాజ్యంలో ఆ అక్షరాలను చదవగల పండితుడు మాత్రం దొరకలేదు.

1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ బ్రాహ్మీ లిపిని ఛేదించాడు. శాసనకర్త పేరు ‘పియదసి’ అని తేలింది గాని, అతడెవరో శిల చెప్పలేదు. సింహళంలో ఉన్న జార్జ్ టర్నర్ పాలి గ్రంథమైన దీపవంశం ఆధారంగా పియదసి అశోకుడేనని గుర్తించాడు. 1915లో వెలుగుచూసిన మస్కి శాసనంలోని అశోక నామం దానిని బలపరచింది. శిల అక్షరాన్ని కాపాడగా, తరతరాలుగా పాలిని చదివి, పఠించి, తిరగరాసిన భిక్షుసంఘం అర్థాన్ని కాపాడింది.

కర్నూలు ప్రాంతపు ఎర్రగుడి బండలపై ఉన్న అశోక శాసనాల కథా ఇదే. వాటిని పండితులు గుర్తించింది 20వ శతాబ్దిలోనే.

నేటి నాగరికత అణువ్యర్థాలను పాతిపెట్టిన తావుల గురించి 10,000 ఏళ్ల తరువాతి మానవులను ఎలా హెచ్చరించాలా అని ఆలోచిస్తున్నది. తోప్రా స్తంభంలోని సందేశం అందులో నాలుగో వంతు కాలమైనా గడవకముందే చదువరులను కోల్పోయింది. నాగరికతకు హద్దు గీసేది పదార్థపు మన్నిక కాదు, బోధనా పరంపర తెగిపోవడం. కాబట్టి శాసనాన్ని సంరక్షించడమంటే రాతికి కంచె వేయడం మాత్రమే కాదు. ప్రతి తరంలోనూ దానిని చదవగల కొందరిని తయారుచేయడం.