ఋతువులు, నగరములు, విషూచి

ఋతుధర్మములను బట్టి రోగములు ప్రబలునన్న విశ్వాసము మిక్కిలి ప్రాచీనమైనది. వర్షర్తువున జఠరాగ్ని మందగించునని ఆయుర్వేదము చెప్పినది; పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా వైద్యులును, ఎండవేడిమికి మురుగునుండి లేచెడి దుష్టవాయువే విషూచికి (కలరాకు) మూలమని నమ్మిరి. 1848-49లో లండను నగరము ఆ వ్యాధికి గుండెలవిసి యున్నప్పుడు గణాంకశాస్త్రజ్ఞుడు విలియం ఫార్ మరణముల లెక్కలను శ్రద్ధతో పరిశీలించి, థేమ్స్ నదీతీరమునుండి మెరకకు పోయినకొలది చావులు తగ్గుచుండుట కనుగొనెను. ఆయన చూచినది యథార్థమే; ఊహించిన కారణము, అనగా దుష్టవాయువు, మాత్రము తప్పు. విషూచిని వ్యాపింపజేయునది త్రాగెడి నీరేయని 1854లో లండను వైద్యుడు జాన్ స్నో, బ్రాడ్ స్ట్రీటు పంపు చుట్టును మృతుల యిండ్లను గుర్తించి చూపెను.

1884లో కలకత్తాయందు జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ విషూచి క్రిమిని చెరువునీటిలో సైతము కనిపెట్టిన పిదప వాతావరణపు మాట పాతబడినట్లే తోచెను. భూగర్భజలము వర్షములను బట్టి హెచ్చుతగ్గులగుటయే విషూచికి ప్రధానమని వాదించిన మ్యూనిక్ పండితుడు పెటెన్‌కోఫర్, 1892లో ఆ క్రిములను తానే త్రాగి బ్రతికి బయటపడెను గాని, ఆ సాహసము ఆయన సిద్ధాంతమును నిలువబెట్టలేకపోయెను.

ఆ యేటనే హాంబుర్గు నగరమున జరిగిన ఘోరము ఈ చరిత్రకు కీలకమని నా యభిప్రాయము. ఆగస్టు మాసపు తీవ్రమైన యెండలకు ఎల్బే నది సన్నగిల్లినది. నగరమువారు ఆ నీటిని వడగట్టకయే కుళాయిలకు పంపుచుండిరి. కొలది వారములలో 8,500 మందికి పైగా మరణించిరి. పొరుగుననే యున్న ఆల్టోనా పట్టణమువారు, హాంబుర్గు మురుగు కలిసిన దిగువ నీటినే తోడుకొనుచున్నను, ఇసుక పొరలగుండ నెమ్మదిగా వడగట్టుటచే చాలవరకు రక్షింపబడిరి. సరిహద్దు వీధిలో ఒక ప్రక్క యిండ్లలో శవములు లేచుచుండగా ఎదుటి ప్రక్కవారు క్షేమముగా నుండిరి. ఎండ యిరుప్రక్కల నొక్కటే!

అట్లని ఋతువును త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఢాకాలో విషూచి వర్షములకు ముందొకసారియు, తరువాత నొకసారియు తలయెత్తుచుండుట ప్రసిద్ధము. ఆ క్రిమి నీటిలోని సూక్ష్మజంతువుల నంటిపెట్టుకొని జీవించుననియు, నీరు వేడెక్కినప్పుడు వృద్ధి పొందుననియు శాస్త్రజ్ఞురాలు రీటా కోల్వెల్ మొదలగువారు నిరూపించిరి. 1993-98 నడుమ పెరూ రాజధాని లీమాలో అతిసారముతో ఆసుపత్రి చేరిన పిల్లల సంఖ్య, ఉష్ణోగ్రత ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొలది సుమారు 8 శాతము హెచ్చెను. శీతల దేశములలో రోటావైరస్ మాత్రము చలికాలమునే విజృంభించుచుండెను గనుక అన్ని క్రిములకును ఒకే సూత్రము చెల్లదు.

మన హైదరాబాదులో 2009 మే నెలయందు భోలక్‌పూరున మురుగు కలిసిన కుళాయి నీటివలన ప్రాణములు పోయినవి. అప్పటికింకను తొలకరి రాలేదు. పాపమంతయు వర్షముపై మోపువారు ఈ సంగతిని గమనింపవలెను. రోజంతయు గాక కొన్ని గంటలే కుళాయిలకు నీరు వదలు చోట్ల, ఆ గంటలలో గొట్టము నిండియుండి, చిల్లులనుండి వెలుపలికే కారును. కట్టివేసిన పిదప గొట్టము ఖాళీయై, ప్రక్కనున్న మురుగును లోనికి పీల్చుకొనును. నీటి యెద్దడి వచ్చి వదలు గంటలు తగ్గినకొలది ఈ పీల్చుకొను వేళ పెరుగును. వానలు కురిసినచో చుట్టునున్న మన్నంతయు మురుగుతో నానియుండును. కావున చిల్లులు పడిన గొట్టములను మార్చుటయు, నీటిని నిరంతరాయముగా నిచ్చుటయు ఏ ఋతువుకొరకును వాయిదా వేయదగిన పనులు కావు.