మహిసాక్షి

మా అత్తయ్యగారికి డెబ్భై రెండేళ్ళు. కొలెస్ట్రాల్ ఉందని డాక్టరు రాసిచ్చిన మాత్రని రెండేళ్ళపాటు బుద్ధిగా వేసుకున్నారు. పోయిన కార్తీకంలో చుట్టాలావిడ ఒకావిడ వచ్చి, "ఆ మాత్రలెందుకు వదినా, గుగ్గులు వాడు. కొవ్వు కరిగి నీరైపోతుంది" అని చెప్పి వెళ్ళింది. మర్నాటినుంచి మాత్రలు బల్లమీదే ఉండిపోయాయి. నేను సంగారెడ్డి బజారుకి బయల్దేరాను.

కొట్టాయన నా ముందు మూడు పొట్లాలు పెట్టాడు. సాంబ్రాణి, గుగ్గిలం, మహిసాక్షి. మూడోదాన్ని ముందుకి జరిపి, "మీకు గావల్సింది గిదేనమ్మా, తీస్కపోన్రి" అన్నాడు. చూస్తే నల్లగా, అడుగంటిన బెల్లప్పాకంలా ఉంది. పెళ్ళయినప్పటినుంచీ ఈ మూడూ ఒకటే అనుకుని నిప్పులమీద చల్లుతున్నదాన్ని, చెప్పొద్దూ, సిగ్గేసింది. సాంబ్రాణి సుమత్రా వైపు చెట్ల బంక. గుగ్గిలం సాలవృక్షానిది. మహిసాక్షి మాత్రం ఎడారి సరుకు. రాజస్థాన్, కచ్, సింధు ప్రాంతాల రాతినేలల్లో మనిషెత్తున పెరిగే ముళ్ళపొద కార్చే బంక. ఆయుర్వేదం చెప్పే గుగ్గులు అదే. బాలింతలకిచ్చే బోళం దీనికి అరేబియాలోనూ ఆఫ్రికాలోనూ పుట్టిన చెల్లెలు.

నేను చదివింది బి.ఏ. హిస్టరీ కనక పేరు దగ్గరే ఆగిపోయాను. మహిషాక్షం అంటే దున్నపోతు కన్ను. పదహారో శతాబ్దపు భావప్రకాశంలో గుగ్గులు అయిదు రకాలని ఉంది. అందులో మహిషాక్షం, మహానీలం ఏనుగులకి మంచివట. కుముదం, పద్మం గుర్రాలకి. హిరణ్యమొక్కటే మనుషులకి. ఏనుగుల మందు తెచ్చి అత్తయ్యగారి చేతిలో పెట్టానా అని భయపడ్డాను. మహిషాక్షం మనుషులకీ పనికొస్తుందని కొందరంటారన్న మాట కూడా అక్కడే ఉంది కాబట్టి బతికిపోయాను. కొత్త గుగ్గులు ఒళ్ళు చేయిస్తుందనీ, పాతది ఒళ్ళు తీయిస్తుందనీ కూడా రాశాడాయన. కొట్టాయన్ని అది ఏనాటిదని అడగలేదు.

క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో గ్రీకు వర్తకుడెవరో రాసిన పెరిప్లస్‌లో, సింధునది ముఖాన ఉన్న బార్బరికోన్‌నుంచీ, భరుకచ్ఛంనుంచీ ఓడలకెక్కే సరుకుల్లో ఇదీ ఉంది. వాళ్ళు బ్డెల్లియం అన్నారు. ధూపానికి అంత గిరాకీ ఉండేదన్నమాట.

కొవ్వు సంగతి సుశ్రుతుడిది. మేదస్సు పెరిగి దారులు మూసుకుపోయే జబ్బుకి ఆయన చెప్పిన మందుల్లో గుగ్గులు ఒకటి. దాన్ని పట్టుకుని పరీక్షకి పెట్టింది ఒక స్త్రీ అని తెలిసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. జి.వి. సత్యవతి కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో 1966లో సమర్పించిన థీసిస్ అది. కుందేళ్ళకి కొలెస్ట్రాల్ తినిపించి, రక్తనాళాల్లో పూడిక తెప్పించి, గుగ్గులు ఇస్తే ఏమవుతుందో చూశారామె. కొవ్వు తగ్గింది. తర్వాత 1990లలో భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయిన మొదటి మహిళ కూడా ఆమే.

లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థవారు దాన్ని ముందుకి తీసుకెళ్ళారు. బంకని ఇథైల్ ఎసిటేట్‌లో వేస్తే కరిగే భాగంలోనే గుణముందనీ, కరగని పిప్పి పనికిరాదనీ తేల్చారు. ఆ కరిగిన భాగంలో గుగ్గుల్‌స్టిరాన్లు ఉంటాయి. వాసనకి కారణం వేరే, మిర్సీన్ వంటి తైలాలు. మన ముక్కు మెచ్చుకునేదొకటి, కాలేయం పట్టించుకునేది మరొకటి! 1980లలో గుగులిపిడ్ అనే పేరుతో మాత్ర బజారుకొచ్చింది.

ఈ ఇథైల్ ఎసిటేట్ నాకు కొత్త కాదు. మావారు పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. సాయంత్రం ఆయన చొక్కా గోళ్ళరంగు వాసనేస్తే అదే. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. హైదరాబాదులో పెట్టిన కార్ఖానాలో పని నేర్చినవాళ్ళు సొంత కంపెనీలు పెట్టడం, అవి జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరుల దాకా పాకడం మా ప్రాంతపు చరిత్ర. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు శుద్ధికేంద్రం బయటికి వదిలిన నీళ్ళు పరీక్షిస్తే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. అందుకే "ఫ్యాక్టరీ మందులు విషం" అని అత్తయ్యగారంటే గట్టిగా కాదనలేకపోయాను.

మూడు నెలలకి రక్తపరీక్ష చేయిస్తే అంకెలు బాగా పైకెక్కి కూర్చున్నాయి. మాత్ర మానేసినందుకే కదా! డాక్టరు మందలించాడు. అప్పుడు మావారు మిగతా కథ చెప్పారు. 2002లో అమెరికావాళ్ళు గుగ్గుల్‌స్టిరాన్ కాలేయంలో పిత్తరసాన్ని కనిపెట్టుకుని ఉండే ఒక గ్రాహకాన్ని మూసేస్తుందని కనుక్కుని సంబరపడ్డారు. మరుసటేడు పెన్సిల్వేనియాలో 103 మందికి ఎనిమిది వారాలు పరీక్ష పెట్టారు. గుగ్గులు తిన్నవాళ్ళకి చెడ్డ కొలెస్ట్రాల్ నాలుగైదు శాతం పెరిగింది, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళకి అయిదు శాతం తగ్గింది. కొందరికి దద్దుర్లు కూడా. పైగా అది కాలేయాన్ని రెచ్చగొట్టి, వేరే మందుల్ని తొందరగా అరగదీయిస్తుందట.

"మరి మన సత్యవతిగారి కుందేళ్ళు?" అన్నాను నేను రోషంగా.

"కుందేళ్ళకి నిజంగానే తగ్గింది. అమ్మ కుందేలు కాదుగా" అన్నారాయన.

పొద సంగతి ఎవరూ అడగలేదు. ఒక్కో పొద ఏడాదికి ఇచ్చే బంక కొద్ది వందల గ్రాములు. గిరాకీ పెరిగాక, లోతుగా గాట్లు పెట్టి ఘాటైన ముద్దలు పూసి ఒక్కసారే పిండుకున్నారు. అలా పిండిన పొద ఎండిపోతుంది. ఇవాళ అది అంతర్జాతీయ జాబితాలో, అంతరించిపోవడానికి అడుగు దూరంలో ఉన్న మొక్కల వరసలో ఉంది.

అత్తయ్యగారిని ఒప్పించింది ఈ చరిత్రేదీ కాదు. 1987లో అమెరికాలో అనుమతి పొందిన మొట్టమొదటి స్టాటిన్‌ని బూజునుంచి తీశారని మావారు నోరు జారారు. "అయితే అదీ చెట్టూ చేమా లాంటిదేగా, ముందే చెప్పొద్దూ?" అని మాత్ర అందుకున్నారు. అప్పటినుంచి దాని పేరు మా ఇంట్లో బూజుమాత్ర.

మిగిలిన మహిసాక్షిని డబ్బాలో దాచి, శుక్రవారాలు చిటికెడు నిప్పులమీద వేస్తున్నారు. మొన్న మావారు గుమ్మంలోకి రాగానే ధూపం పళ్ళెం ఎదురు పెట్టి, "ముందు నీ చొక్కాకి పట్టించుకోరా, తర్వాత లోపలికి రా" అన్నారు.