ఈజిప్టులో హెపటైటిస్-సి నివారణ

నైలు కాలువలలోని నత్తల మూలమున వ్యాపించు బిల్హార్జియా వ్యాధిని అణచుటకై 1950 ప్రాంతము నుండి 1980 ప్రాంతము వరకు ఈజిప్టు గ్రామములలో సూదిమందు విరివిగా ఇచ్చిరి. సూదులను సరిగా మరిగింపక ఒకరి తరువాత ఒకరికి వాడుటచే హెపటైటిస్-సి వైరసు లక్షలాదిమంది రక్తమున చేరినది. అట్టి వైరసు కలదని 1989లో గాని తెలియలేదు.

కాలేయమును మెల్లగా చెరచు ఈ వైరసును రూపుమాపు సోఫోస్‌బువిర్ మాత్రలకు 2013లో అమెరికాలో అనుమతి లభించినది. అచ్చట పన్నెండు వారముల మందు వెల 84,000 డాలర్లు! 2014లో ఈజిప్టు ప్రభుత్వము బేరమాడి దానిని 900 డాలర్లకు కొన్నది. పిమ్మట స్వదేశపు కంపెనీలే చౌకగా తయారుచేసినవి.

రోగము ఏండ్ల తరబడి బయటపడదు గనుక మందొక్కటే చాలదు. 2018-19లో దాదాపు 5 కోట్లమందికి ఉచితముగా రక్తపరీక్ష జరిపి, రోగులకు ఉచితముగానే చికిత్స చేసిరి. 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్మూలన మార్గమున బంగారుశ్రేణి గుర్తింపును మొదట ఆ దేశమునకే ఇచ్చినది.