స్వప్నమున సహోద్యోగి కలహము

పై యధికారి గద్దించినట్లును, తోడి యుద్యోగి తనపై నేరము మోపినట్లును కలగని మేల్కొనినవాడు మొదట నడుగు ప్రశ్న యొక్కటే: ఇది దేనిని సూచించుచున్నది? మన కావ్యావతారికలలో స్వప్నము దైవాజ్ఞ. శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువు కృష్ణదేవరాయలకు కలలో కనబడి ఆముక్తమాల్యదను రచింపుమనెను. కచేరీలోని కలహమునకు అట్టి గౌరవము లేదు. దాని చరిత్రను వేరొకచోట వెదకవలెను.

చరకసంహిత ఇంద్రియస్థానమున స్వప్నములు ఏడు విధములని చెప్పబడినది: దృష్టము, శ్రుతము, అనుభూతము, ప్రార్థితము, కల్పితము, భావికము, దోషజము. వీనిలో మొదటి యైదును నిష్ఫలములు. పగలు చూచిన యధికారి ముఖము రాత్రి కనబడుట దృష్టము. ఆయనచేత పడిన మాట మరల పడుట అనుభూతము. ఆయనకు దీటుగా బదులు చెప్పినట్లు కనుట ప్రార్థితము కావలెనని నా యన్వయము. తనిఖీకి ముందురాత్రి మావంటి యుపాధ్యాయులకు వచ్చు కలలన్నియు ఈ మూడింటిలో నిముడును. క్రీ.శ. 2వ శతాబ్దిలో గ్రీకుభాషలో స్వప్నశాస్త్రము వ్రాసిన ఆర్టెమిడోరస్ సైతము, నాటి భయకాంక్షలనుండి పుట్టిన కలలను భవిష్యత్సూచకములనుండి వేరుచేసెను.

ఆధునిక కాలమున ఈ విషయమునకు మూలమైన కల 1895 జూలై 23-24 తేదీల నడిమి రాత్రి, వియన్నా సమీపమున బెల్లెవ్యూ అను గృహమున, సిగ్మండ్ ఫ్రాయిడ్ కనినది. ముందుటి దినమున ‘ఓటో’ అని ఆయన పేర్కొనిన వైద్యమిత్రుడు వచ్చి, ఇర్మా అను రోగికి కొంత నయమైనదే కాని పూర్తిగా కాలేదని చెప్పెను. ఆ మాటలో నిందను వినిన ఫ్రాయిడ్, తన పక్షమును సమర్థించుకొనుటకై ఆ రాత్రియే రోగచరిత్రను వ్రాసి, పెద్దయైన మరియొక వైద్యునికి చూపదలచెను. కలలో ఇర్మా గొంతున తెల్లని మచ్చ కనబడినది. వైద్యులందరును కూడిరి. తుదకు ఓటో ఇచ్చిన సూదిమందే కారణమనియు, సూది శుభ్రముగా లేకుండెననియు తేలినది!

ఫ్రాయిడ్ ఈ కలను దాచలేదు. 1899 నవంబరున వెలువడి, ముఖపత్రముపై 1900 అని ముద్రితమైన తన స్వప్నగ్రంథమున దీనిని మాటమాటకు విప్పి, తాను నిర్దోషి కావలెననియు, ఓటో దోషి కావలెననియు తనలోనున్న కోరికయే కలయైనదని చెప్పెను. తన సమర్థనలు ఒకదానికొకటి పొసగవనియు ఒప్పుకొనెను. అరువు తెచ్చిన పాత్రను చెడగొట్టినవాడు, చెడకుండనే తిరిగి యిచ్చితిననియు, తెచ్చినప్పుడే చిల్లియున్నదనియు, అసలు తేనే లేదనియు వాదించిన కథను ఆయనయే ఉదాహరించెను. తన తగవులో తానే ప్రతివాదియై ఇంత నిర్మొగమాటముగా సాక్ష్యమిచ్చుట అరుదు.

అయినను ఆ సాక్ష్యము పూర్తిగా లేదు. 1895 ఆరంభమున ఫ్రాయిడ్ రోగియైన ఎమ్మా ఎక్‌స్టైన్ ముక్కునకు, ఆయన ప్రాణమిత్రుడును బెర్లిన్ వైద్యుడును అగు విల్‌హెల్మ్ ఫ్లీస్ శస్త్రచికిత్స చేసెను. మార్చిలో వేరొక వైద్యుడు ఆ గాయమునుండి ఇంచుమించు అరమీటరు గుడ్డపట్టీని వెలికితీయగా రక్తము వెల్లువయై ఆమె చావు తప్పి బయటపడినది. ఈ సంగతిని మాక్స్ షూర్ 1966లో వెల్లడించెను. లేఖలు సంపూర్ణముగా 1985లో అచ్చయ్యెను. ఇర్మాయే ఎమ్మా యని కొందరు, కాదని కొందరు వాదింతురు. ఎట్లైనను, కలలో తప్పు చేసినవాడు ఓటో. గ్రంథమున ఫ్లీస్, పేరు లేకయే, తన్ను అర్థము చేసికొనిన మిత్రుడుగా కనబడును. 1896లో ఫ్రాయిడ్ అతనికి వ్రాయుచు, ఆమె రక్తస్రావమునకు ఆమె మనఃకాంక్షయే కారణమనెను. మిత్రుని కాపాడుటకు రోగి నేరస్థురాలైనది.

కనుక కలలో మనతో కలహించినవాడు మేలుకొనిన పిదప నేరస్థుడని యెంచుటకు ఆధారము లేదు. ఎవరిని కల నిందింపక విడిచినదో అదియు అడుగవలసియున్నది. బెల్లెవ్యూ స్థలమున 1977లో నిలిపిన ఫలకముపై స్వప్నతేదీయు, ఫ్రాయిడ్ పేరును ఉన్నవి.