మందు ముందు, మర్మం తర్వాత

ఊపిరితిత్తుల్లోని సన్నని గాలిగొట్టాలను దెబ్బతీసే డిఫ్యూజ్ పాన్‌బ్రాంకియోలైటిస్ జపాన్ వైద్యులను చాలాకాలం వేధించింది. జబ్బు ముదిరిన రోగుల్లో సూడోమోనాస్ ఏరుజినోసా అనే బ్యాక్టీరియా తిష్ఠ వేసేది. 1970లలో ఈ జబ్బు బయటపడినవారిలో ఐదేళ్లకు మించి బతికినవారు సుమారు 63 శాతమే.

1980లలో షోజీ కుదో బృందం రోగులకు పాత మందు ఎరిత్రోమైసిన్‌ను రోజుకు 400–600 మిల్లీగ్రాముల చొప్పున నెలల తరబడి ఇచ్చి చూసింది. ఈ వైద్యం వాడుకలోకి వచ్చాక, 1985–90 మధ్య చేరిన రోగుల్లో ఐదేళ్ల మనుగడ 91 శాతానికి చేరింది. చిత్రమేమిటంటే, ఆ మోతాదులో ఎరిత్రోమైసిన్ సూడోమోనాస్‌ను చంపలేదు. మందు వాపును తగ్గిస్తుందన్న వివరణ కొంతవరకే సరిపోయింది.

మిగతా వివరణకు దారి సముద్రపు బ్యాక్టీరియా చూపింది. విబ్రియో ఫిషెరీ తన సంఖ్య పెరిగాకే వెలుగునిస్తుందనీ, అందుకు తానే వదిలే ఒక రసాయనం సంకేతమనీ 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. 1994లో దీనికి కోరం సెన్సింగ్ అని పేరొచ్చింది. సూడోమోనాస్ కూడా ఇలాంటి సంకేతాలతోనే కణజాలాన్ని కరిగించే ఎలాస్టేజ్‌ను తయారుచేస్తుందని అప్పటికే తెలిసింది.

2001లో టటెడా, ఆయన సహచరులు ఎరిత్రోమైసిన్ కుటుంబానికే చెందిన అజిత్రోమైసిన్‌ను పరీక్షించారు. మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాములు చాలు, సంకేతాలను తయారుచేసే రెండు జన్యువుల్లో లాస్ఐ పని సుమారు 80 శాతం, ఆర్‌హెచ్ఎల్ఐ పని 50 శాతం తగ్గాయి. బ్యాక్టీరియా చావలేదు, కబురు పంపడమే తగ్గించింది.

ఆ తర్వాత పాత మందులను ఈ పనికోసమే వెతకసాగారు. బద్దెపురుగులకు వాడే నిక్లోసమైడ్ ఇదే సూడోమోనాస్ సంకేతాలను అడ్డుకుని, దాని బారినపడిన మైనపు పురుగు లార్వాలను కాపాడుతుందని 2013లో ఇటలీ పరిశోధకులు చూపారు.

అంతకు మూడేళ్ల ముందే ఒక హెచ్చరిక వచ్చింది. శ్వాసగొట్టం అమర్చిన రోగుల్లో అజిత్రోమైసిన్ ఇవ్వకపోతే, సంకేతాన్ని అందుకునే లాస్ఆర్ లోపించిన సూడోమోనాస్ పెరిగేవి. అవి వంటకు చేయి కలపకుండా పంక్తిలో కూర్చునేవారి బాపతు. వాటి వల్ల జబ్బు తీవ్రత తగ్గుతుంది. అజిత్రోమైసిన్ సంకేతాలను అణచడంతో వాటికి ఆ లాభం పోయింది, తీవ్రమైన రకాలే మిగిలాయి. కాబట్టి సంకేతాన్ని ఆపగల మందు దొరికితే సరిపోదు. ఏ రోగికి ఎన్నాళ్లు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో కూడా తేలాలి.